చీకట్ల సూడాలె రంగు

హాలియా సంతబజార్ల నాది మోటర్ వైండింగ్ షాపు.
ఇరవై రెండేండ్ల సంది
కాలిన బోరు మోటర్ల పేగులు గుంజి
కొత్త రాగితీగ సుట్టుకుంట వస్తున్న.
ఇనుముకు అయస్కాంతం గుణం నేర్పుడే నా బువ్వ.

కత్తి చెయ్యాలన్న పురుగు
ఎప్పుడు తొలిచిందో సరిగ్గ యాదికిలేదు.
మిర్యాలగూడ పాత సామాన్ల కాడ
ఇరిగిన లారీ కమాన్ పట్టి ఒకటి
సగం మన్నుల కూరుకపోయి ఉండె.
కాలితోని తంతె ఖంగుమన్నది.
కిలో అరవై అన్నడు. బేరం జెయ్యలె.

ఇంటెనుక బర్రెల కొట్టం, బర్రెలమ్మి మూడేండ్లు.
ఆడ్నే కొలిమి:
ట్రాక్టర్ బ్రేకు డ్రమ్ముకు
పుట్టమన్నుల వరిపొట్టు కలిపి మెత్తిన.
తిత్తికి బదులు పాత మిక్సీ మోటరు, డబ్బారేకు రెక్కలు.
దాగలి లేదు, జానెడున్నర రైలుపట్టా ముక్క.
యశోద వచ్చి అంత సూసి
"కరెంటు బిల్లు ఎవలు గడ్తరు" అని వోయింది.

మొదటి రోజు దెబ్బల్ల సగం పట్టాకే తగిలినయి.
రెండో రోజు బొటనేలుకు.
మూడో రోజు అది కత్తి గాలె, బెండకాయ అయింది.
తర్వాత ఎన్నడో
ఒక దిక్కు నుంచి సూస్తె కత్తి లెక్క కనవడ్డది.

ఎర్రగ గాల్చి బోరునీళ్లల్ల ముంచిన.
టిక్కుమన్నది.
పన్ను ఇరిగినంత సప్పుడు, అంతే.
అంచు నుంచి ఎన్నుదాక వెంట్రుకంత గీత.

మోనాచారి కొలిమి ఆర్పి తొమ్మిదేండ్లు,
ఇప్పుడు రైసుమిల్లుల రాత్రి కాపలా.
డ్యూటీకి పొయ్యేటోడు నా కొట్టం ముంగల ఆగిండు.
మిక్సీ మోటర్ను సూసి నవ్విండు,
నవ్వుడు ఆపి రెక్కలు లెక్కవెట్టిండు.
పగిలిన కత్తిని చెవికాడికి తెచ్చి గోటితోని కొట్టిండు.
"ఏ ఏళ గాల్చినవ్?"
"పగటీలి పన్నెండుకు."
"ఎండల ఇనుము అబద్ధమాడ్తది.
రంగు చీకట్ల సూడాలె.
గీ సరుకుకు నీళ్లు వడయి, నూనె కాగవెట్టు."
టిఫిన్ డబ్బా సంకల వెట్టుకొని నడిచిండు.
మూత మీద ఉలితోని కొట్టిన మూడు సుక్కలు.

మళ్ల కొత్త ముక్క. మళ్ల పదకొండు రోజులు.
అమాస రాత్రి బల్బు ఆర్పేసిన.
కట్టెకు కట్టిన స్పీకరు అయస్కాంతం పట్టుకొని కూసున్న.
ఇనుము ఎరుపెక్కింది, ఇంక అంటుకుంటనే ఉన్నది.
ఇంకింత గాలి.
మోదుగుపువ్వు రంగు దాటంగనే
అయస్కాంతం జారి పక్కకు వడ్డది.
బతుకంత నేను ఇనుముకు నేర్పిన ముచ్చట
నా ముంగలనే మర్చిపోయింది ఇనుము,
ఏ సప్పుడు లేకుంట.
కొద్దిసేపు ఏం జెయ్యాల్నో నాకు తోచలే.

పల్లినూనెల భగ్గుమన్నది.
వాడకట్టంత బజ్జీల వాసన,
గోడ మీదికెల్లి ఇద్దరు పోరగాళ్లు
"ప్లేటెంత మామా?"

రొట్టెల పెంకు మీద ఇసుక వోసి
వరిగడ్డి రంగు దాక కాచిన.
(పెంకు సంగతి యశోదకు ఇంక తెల్వదు.)
సానరాయి, చింతకట్టె పిడి, రెండు రాగి మేకులు.
రాగి నా దగ్గర కరువా.

పెద్దవూర రోడ్డు మీద ముంజలమ్మే ఈదమ్మకు ఇచ్చిన.
ఒక గెల మొత్తం చెక్కింది.
పొగుడ్తదేమో అని నిలవడ్డ.
"తెగుతది" అన్నది.
అరచెయ్యి సూపింది, బొటనేలు మొదట్ల బొబ్బ.
"తెగుతది గని,
పట్టుకుంటె పరాయోని చెయ్యి పట్టుకున్నట్టున్నది."

సంచి కిందికెల్లి తన పాత కత్తి దీసింది.
అరిగి అరిగి సగమైంది.
ఎన్ను మీద మూడు సుక్కలు.
నేనేం అడగలె. రెండు ముంజలు చేతిల వెట్టింది, తిన్న.

ఆమె పిడికిలి కొలత
కరెంటు బిల్లు ఎనుక గీసుకున్న.
నాలుగు వేళ్లు, చిటికెనేలు వంకర.
షాపుల రెండు మోటర్లు కాలి వున్నయి,
రైతులు ఫోన్ల మీద ఫోన్లు.
తీగ సుట్టుకుంట
మాటిమాటికి బయటికి సూస్తున్న,
పొద్దు ఇంకెంతుందో అని.